కిటికీ పక్క రాష్ట్రం

ఈ దేశంలో రాజ్యాంగాన్ని పొల్లుపోకుండా అమలు చేస్తున్న చోటు ఒకటే ఉంది. అది వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే పొద్దుటి పాసింజరు బండిలో మూడో పెట్టె. అందులో రోజూ వెళ్లొచ్చేవాళ్లంతా కలిసి ఒక సమాఖ్య పెట్టుకున్నారు. ఒక్కో బల్ల ఒక్కో రాష్ట్రం. ఎవరి సీటు మీద వాళ్ల దస్తీ పడితే చాలు, ఇక ఆ సీటు జోలికి ఎవరూ రారు (టికెట్ లేనివాళ్లు కూడా ఈ చట్టాన్ని గౌరవిస్తారు).

శ్యామలది ఐదో బల్ల, కిటికీ పక్క సీటు. తాండూరులో ఒక చీరల దుకాణంలో పనిచేస్తుంది. అక్కడ కూర్చునే హక్కు కొనేవాళ్లది, నిలబడే బాధ్యత అమ్మేవాళ్లది. రాత్రి ఇంటికెళ్లేది కిక్కిరిసిన బస్సులో. రోజు మొత్తంలో ఆమె కాళ్లు చాపుకునేది ఈ బండిలోనే. పాదాల వాపు కాస్త తగ్గేదీ ఇక్కడే. అందుకే ఆ సీటంటే ఆమెకు ప్రాణం.

ఇలా ఉండగా సమాఖ్య అధ్యక్షుడు, పప్పుల వ్యాపారి ధనరాజ్ సేటుకు పరిపాలనా సౌలభ్యం గుర్తొచ్చింది. ఐదో బల్ల మరీ పెద్దదైపోయిందనీ, కిటికీ ప్రాంతం వెనకబడిందనీ, దాన్ని విడదీసి కొత్త రాష్ట్రం చేయాలనీ ప్రకటించాడు. ఇందులో స్వార్థం ఏమీ లేదు (కొత్త రాష్ట్రానికి ఏకైక పౌరుడిగా ఎంపికైన అనిల్‌కుమార్ ఆయనకు సొంత బామ్మర్ది మాత్రమే).

కార్యదర్శి కైలాసం సారు ప్రైవేటు బడిలో సాంఘిక శాస్త్రం చెప్తాడు. మూడో అధికరణం ప్రకారం అధ్యక్షుడి సిఫారసు లేనిదే బిల్లు కదలదన్నాడు. ధనరాజ్ కాసేపు గంభీరంగా ఆలోచించి ధనరాజ్‌కు సిఫారసు చేశాడు. ఇక మిగిలింది విడిపోయే రాష్ట్రం అభిప్రాయం. గడువు ధారూరు స్టేషన్ వచ్చేదాకా.

"చెప్పమ్మా శ్యామలా, నీ అభిప్రాయం ఏంది?" అన్నాడు కైలాసం సారు.

"నేనొప్పుకోను సారూ. పొద్దంతా దుకాణంల నిలవడే ఉంట. గీ జరసేపే కూసుంట. నా సీటు నాకుండనియ్యున్రి."

"మంచిగ చెప్పినవ్."

"అయితే ఆపుతరా?"

"ఆపుడెందుకు? అడగాలని రాసున్నది గని, ఇనాలని రాసిలేదమ్మా. ఇన్ని రాష్ట్రాలు గట్లనే అయినయ్."

శ్యామలకు కడుపు మండింది. ఆ మంట మాత్రం బిల్లు పరిధిలోకి రాలేదు.

మర్నాటి నుంచి పనులు చకచకా సాగాయి. అనిల్‌కుమార్ టిఫిన్ సంచి సరిహద్దు అయింది. పైన సామాన్ల అర ఉమ్మడి రాజధాని. కిటికీ గాలిలో పాత రాష్ట్రానికి ఎంత వాటా రావాలో తేల్చడానికి ఒక ట్రిబ్యునల్ వేశారు (అది తలుపు దగ్గర నిలబడి బీడీ తాగుతూ విచారణ జరుపుతోంది). మిగిలిన భూభాగంలో అప్పటికే ముగ్గురు బొద్దుగా సర్దుకుని ఉండడంతో, సరిహద్దులు తేలేదాకా శ్యామలను తాత్కాలికంగా నిలబెట్టారు.

ఒకరోజు ఆమె అందరికన్నా ముందే స్టేషన్‌కు వచ్చి కిటికీ సీటు మీద తన దస్తీ వేసింది. కైలాసం సారు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, మర్యాదగా ఉమ్మడి రాజధానిలో పెట్టాడు.

"గిది అన్యాయం సారూ!"

"ఫికర్ చెయ్యకు బిడ్డా, ఇంకా ఓటింగ్ కాలే."

ఆ మాట పట్టుకుని శ్యామల పెట్టెంతా తిరిగింది. ఒక్కొక్కరికీ తన కాళ్లు చూపించింది. అందరూ అయ్యో అన్నారు. మా ఓటు నీకేనన్నారు.

ఓటింగ్ నాడు బండి కిటకిటలాడింది. శ్యామల నడవ మధ్యలో ఇరుక్కుని నిలబడింది. బండి ధారూరు దాటి ఊపందుకుంది.

"బిల్లుకు ఒప్పుకునేటోళ్లు చెయ్యెత్తున్రి!" అన్నాడు ధనరాజ్ సేటు.

కూర్చున్నవాళ్లంతా ఎదుటివాడి చెయ్యి చూసి తమ చెయ్యెత్తారు. నిలబడ్డవాళ్ల చేతులు ఎలాగూ పైనే ఉన్నాయి. కైలాసం సారు కళ్లజోడు సవరించుకుని ఒక్కొక్క చెయ్యే లెక్కపెట్టుకుంటూ వచ్చి, పడిపోకుండా పైకడ్డీ పట్టుకున్న శ్యామల చెయ్యి దగ్గర ఆగాడు. దాన్నీ లెక్కలో కలుపుకుని, బిల్లు ఏకగ్రీవంగా నెగ్గిందని ప్రకటించాడు.