ఊరుమ్మడి నవ్వు

సెయింట్ జార్జి పండుగ నాటికి స్లాద్కోవిర్ పౌరులందరి పళ్ళూ తెల్లబడి ఉండవలెనని మా పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. వ్యతిరేకించేవారు చేతులెత్తమన్నప్పుడు ఒక్క చెయ్యీ లేవలేదు. ఉన్న చేతులన్నీ నోళ్ళకు అడ్డంగా ఉన్నాయి.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మా ఊరి మర్యాద. మొత్తం బల్గేరియాలో ఇంత మర్యాదస్తులు మరెక్కడా లేరని వచ్చిపోయేవాళ్ళు మెచ్చుకుంటారు. ఆ మర్యాద మాకు నేర్పింది మా నీళ్ళు. ఊరి నడిబొడ్డున పాలరాతి సింహం నోట్లోంచి ఎండాకాలం, చలికాలం అనే తేడా లేకుండా గోరువెచ్చని ఊట దూకుతూ ఉంటుంది; ఇళ్ళ పంపుల్లో వచ్చేదీ అదే. మూత్రపిండాల్లో రాళ్ళు కరిగిస్తుందని, మొండి దగ్గు మాన్పుతుందని, అత్తాకోడళ్ళ మధ్య సఖ్యత పెంచుతుందని దానికి పేరు. ఇన్ని మేళ్ళు చేసే నీరు బదులుగా పుచ్చుకున్నది ఒక్క పళ్ళ తెలుపే. ఇక్కడ పుట్టి పెరిగిన ప్రతి మనిషి పళ్ళ మీదా గోధుమరంగు చారలు, వాటి మధ్య సుద్ద మచ్చలు ఉంటాయి. ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళలో తెల్లని పళ్ళున్నది సింహానికే. అది నీళ్ళు ఉమ్ముతుంది గాని మింగదు.

ఇందువల్ల మాకు లోటేమీ జరగలేదు. మా కుర్రాళ్ళు సైన్యంలో చేరేటప్పుడు ఏ ఊరని ఎవరూ అడిగేవారు కాదు. నోరు తెరిస్తే చాలు, అధికారి రాసుకునేవాడు. ఊళ్ళో పెళ్ళిళ్ళు ఊళ్ళోవాళ్ళ మధ్యే జరిగేవి. చారకు చార, మచ్చకు మచ్చ.

ఇంతలో రాజధాని నుంచి ఒక కంపెనీ దిగింది. మా నీళ్ళను సీసాలకెత్తి దేశమంతా అమ్ముతుందట, ఊళ్ళో ఫ్యాక్టరీ పెడుతుందట. ఉన్ని మిల్లు మూతపడ్డాక మా ఊళ్ళో ఆగకుండా నడుస్తున్న పరిశ్రమ సారాకొట్టు అరుగు మీది కబుర్లొక్కటే. కాబట్టి ఊరంతా కంపెనీని నెత్తిన పెట్టుకుంది. కంపెనీ తరఫున వచ్చిన లూబెనోవ్ చాలా మృదువైన మనిషి. సీసా మీద అతికించే కాగితానికి ఒక ఫోటో కావాలన్నాడు. ఈ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు చేతిలో గ్లాసుతో హాయిగా నవ్వుతూ ఉండాలి.

ఊరంతా ఇస్త్రీ బట్టల్లో సింహం ముందు నిలబడింది. ఫోటోలు తీసే అమ్మాయి నవ్వమంది. అందరం చేతులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాం. చేతులు దించమంది. దించాం. అప్పుడు ఆ అమ్మాయి కెమెరా దించింది.

లూబెనోవ్ మేయరును పక్కకు తీసుకెళ్ళి మెత్తగానే చెప్పాడు. నీళ్ళు బంగారం. మనుషులూ బంగారమే. కాని ఆ రెండూ ఒకే సీసా మీద పట్టవు. పండుగ నాటికి ఒక్క మంచి నవ్వు దొరక్కపోతే కంపెనీ మరో ఊటను చూసుకుంటుంది.

తీర్మానం పుట్టింది అలా. ఆ సభలో మేయరు గెంచో పరుషెవ్ చేసిన ప్రసంగం చిరస్మరణీయం.

“పౌరులారా, ఊరి ఎత్తును కొండలతో కొలిచే రోజులు పోయాయి. ఇప్పుడు పళ్ళతో కొలుస్తున్నారు. సుల్తానులకే తలవంచని జాతి మనది. పంటి మీది మచ్చకు తలవంచుతామా?”

సుల్తానులకు మేము కొన్ని వందల ఏళ్ళు తలవంచిన సంగతి సభలో అందరికీ తెలుసు. చప్పట్లకు అది అడ్డు రాలేదు.

పళ్ళు తెల్లబరచుకునే మార్గాలేమిటో చెప్పమని దంతవైద్యురాలు నెదెల్యాను పిలిపించారు. ఆమె మా ఊరి కోడలు. పుట్టింది సముద్రం ఒడ్డున, అక్కడి నీళ్ళు తాగి పెరిగింది. ఆమె పళ్ళు తెల్లగా ఉంటాయి కాబట్టి ఆమె మాట మీద మాకు మొదటినుంచీ కొంత అనుమానం. కాఫీ వల్ల, పొగాకు వల్ల పట్టే గార పైపైన ఉంటుందని, గీకితే పోతుందని ఆమె చెప్పింది. మా మచ్చలు గార కాదట. చిగుళ్ళ లోపల పన్ను తయారవుతున్నప్పుడే నీళ్ళలోని ఫ్లోరైడు దాంట్లో కలిసిపోయిందట. మందు పూసి బట్టల్లా చలవచేస్తే కాస్త రంగు తగ్గుతుంది, కాని సుద్ద మచ్చలు ఇంకా తెల్లబడి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పైపొరను సన్నగా అరగదీయవచ్చు. పన్ను రంగు పూత పూయవచ్చు. మరీ కావాలంటే పింగాణీ రేకులు తొడగవచ్చు. అయితే వీటన్నిటికంటే ముందు చంటిపిల్లలకు ఈ నీళ్ళు మాన్పించి వేరే నీళ్ళు పట్టాలి.

సభ ఆమెకు కృతజ్ఞతలు తెలిపింది. చివరి వాక్యాన్ని మాత్రం రికార్డుల నుంచి తొలగించింది. చర్చనీయాంశం పళ్ళు. ఆమె నీళ్ళ గురించి మాట్లాడింది.

పౌరులు ఖర్చు లేని మార్గాలతో మొదలుపెట్టారు. మందులషాపు మెథోది స్ట్రాబెర్రీ గుజ్జులో వంటసోడా కలిపి రుద్దుకోమన్నాడు. వారం తిరక్కుండా సంతలో స్ట్రాబెర్రీ కనబడితే ఒట్టు. తరవాత బొగ్గుపొడి మంచిదన్నాడు. ఆ ఆదివారం చర్చిలో భక్తులందరూ నల్లటి నోళ్ళతో స్తోత్రాలు పాడుతుంటే, ముసలి ఫాదరు గారు దీన్నేదో కొత్త ఉపవాసం అనుకుని ఆశీర్వదించారు. ఆపైన నిమ్మరసం, ద్రాక్ష వెనిగారు వచ్చాయి. వాటితో పళ్ళు తెల్లబడలేదు గాని పులిసిపోయాయి. గాలి తగిలితే జివ్వుమనేది. పెరుగు కూడా వెచ్చబెట్టుకుని తినవలసి వచ్చింది. ఇద్దరు ఎదురైతే పలకరింపుగా ఇద్దరూ ఇస్‌స్‌మని గాలి పీల్చుకునేవారు.

ఈ దశలో ఊళ్ళో హఠాత్తుగా గౌరవం పెరిగింది కట్టుడుపళ్ళవాళ్ళకి. ట్సోనా మామ్మ రోజూ సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, దారినపోయేవాళ్ళందరికీ తన పలువరస చూపించేది.

“నా పళ్ళు నేను గిన్నెలో వేసి వెనిగారు పోస్తాను. మీరు నోట్లో పెట్టుకుని పోసుకుంటన్నారు. బుద్ధి ఎవరికుందిరా?” అనేది.

ప్రజలకు దారి చూపడం తమ బాధ్యత గనుక కౌన్సిలర్లు డాక్టరు దగ్గర పళ్ళు చలవచేయించుకున్నారు. ఆమె ముందే చెప్పినట్టు సుద్ద మచ్చలు మెరిసిపోయాయి, చారలు అలాగే నిలిచాయి. మచ్చల ఆవుల మంద సమావేశానికి వచ్చినట్టుందని ప్రతిపక్షం విమర్శించింది. ప్రతిపక్షం పళ్ళూ అలాగే ఉండడం వల్ల విమర్శకు బలం చాలలేదు.

అప్పుడు మేయరుకు ఒక సిద్ధాంతం తట్టింది. ప్రజాస్వామ్యంలో ప్రజల తరఫున ఒకడు మాట్లాడుతున్నాడు, ఒకడు సంతకం పెడుతున్నాడు. ప్రజల తరఫున ఒకడు నవ్వితే తప్పేమిటి? తన పై వరసకూ కింది వరసకూ పింగాణీ రేకులు తొడిగించుకోవడానికి పురపాలక నిధిని ఆయన వెంటనే ఆమోదించాడు. డాక్టరు వద్దంది.

“రేకు తొడగాలంటే పన్ను అరగదీయాలి మేయరు గారూ. అరగదీసింది మళ్ళీ మొలవదు.”

“ప్రజల కోసం కాదా డాక్టరమ్మా,” అన్నాడాయన.

ప్రజల కోసమైతే పిల్లలకు వేరే నీళ్ళ గొట్టం వేయించమని ఆమె అడిగింది. మేయరు నీళ్ళు నమిలాడు. చివరికి పని పక్క పట్నంలో జరిగింది. తిరిగొచ్చిన మేయరు పళ్ళు కొత్త స్నానాలగది గోడలా ఉన్నాయి. పెదవులు పూర్తిగా మూతపడకపోవడంతో సంతాప సభల్లో కూడా ఆయన ప్రసన్నంగా కనిపించేవాడు.

పండుగ రోజు గొర్రెపిల్ల మాంసం వాసన ఊరంతా తిరుగుతుండగా లూబెనోవ్, కెమెరా అమ్మాయి మళ్ళీ వచ్చారు. మేయరు గ్లాసు పట్టుకుని సింహం పక్కన నిలబడి ప్రజల తరఫున నవ్వాడు. ఆ అమ్మాయి చాలాసేపు చూసి, ఈయన నీళ్ళు తాగేవాడిలా లేడు, అమ్మేవాడిలా ఉన్నాడు అంది. లూబెనోవ్ నిట్టూర్చి కారు తాళాలు తీశాడు. ఫ్యాక్టరీ మా కళ్ళ ముందే వెళ్ళిపోతోంది.

అంతలో మేయరు మనవరాలు బిల్యానా, ఆరేళ్ళ పిల్ల, ఎండలో తళతళలాడుతున్న తాత పళ్ళు చూసి ఆపుకోలేక పకపకా నవ్వింది. పాలపళ్ళకు మా నీళ్ళ రంగు పట్టదు; ఎలాగూ ఊడిపోయేవేనని ఇన్నాళ్ళూ వాటివైపు ఎవరమూ చూడలేదు. చెయ్యి అడ్డం పెట్టుకునే మర్యాద దానికింకా రాలేదు. చేతిలో ఎవరో ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు ఉంది. కెమెరా టకటకమంది.

ఆ ఫోటో చూసి ఏడవనివాళ్ళు లేరు. ముత్యాల్లాంటి పళ్ళంటే ఏమిటో ఊరికి మొదటిసారి తెలిసింది. మేయరు పిల్లను భుజాల మీదికెత్తుకుని సింహం చుట్టూ తిప్పాడు.

మర్నాడు డాక్టరు నెదెల్యా ఆయన ఇంటికి వెళ్ళింది. మేయరు గారి కోడలు జున్ను పెట్టి కాల్చిన బానిత్సా ముక్క పెట్టింది. ఆమె ముట్టుకోలేదు.

“పిల్ల ముందు పన్ను కదుల్తోంది, చూశారా?” అంది.

“చూశాను. దానికి దారం కట్టి లాగించుకుంటానని గోల.”

“కింద రాబోయే పన్ను ఎప్పుడో తయారైపోయింది. దానికి మనం చేసేదేం లేదు. దవడపళ్ళు ఇంకా తయారవుతున్నాయి, వాటిని కాపాడచ్చు. దీని తమ్ముడు ఉయ్యాల్లో ఉన్నాడు, వాడి పళ్ళన్నీ కాపాడచ్చు. ఇవాళ్టినుంచే వేరే నీళ్ళు పట్టండి. మీ ఇంట్లోనే కాదు. ఊళ్ళో పిల్లలందరికీ.”

మేయరు పెదవులు మూసుకోవాలని ప్రయత్నించాడు, కుదరలేదు. ఫ్యాక్టరీ తెరిచేదాకా ఈ మాట కడుపులో పెట్టుకోమని, అప్పటిదాకా ఊరి నోట్లో మట్టి కొట్టొద్దని బతిమాలాడు. ఆమె బానిత్సా తినకుండానే లేచి వచ్చేసింది. ఎదురైన ప్రతి తల్లికీ ఆ మాట చెప్పింది. మేయరు గారు తాగుతున్నారు కదా అని తల్లులు జవాబిచ్చారు.

ఆ శనివారం నుంచి మేయరు కారు కొండ అవతలి ఊరికి నీళ్ళ క్యాన్లతో వెళ్ళి రావడం మొదలైంది. తరవాత కౌన్సిలర్ల కార్లూ వెళ్ళాయి. ప్రతిపక్షం కారు కూడా అదే వరసలో వెళ్ళడం మా రాజకీయాల పరిణతికి నిదర్శనం. కొండ అవతలి నుంచి ఊరందరికీ గొట్టం వేయాలన్న డాక్టరు ప్రతిపాదనను మాత్రం, అది సింహాన్ని అవమానించడమే అవుతుందని సభ తోసిపుచ్చింది. అయితే ఆమె సేవలను గుర్తించి, పళ్ళు చలవచేయడానికి ఆమె ఆసుపత్రికి రెండో కుర్చీ మంజూరు చేసింది.

ఫ్యాక్టరీ బ్యాండు మేళంతో తెరుచుకుంది. మొదటి సీసా మీద బిల్యానా నవ్వుతోంది. డాక్టరు ఆ సీసా అందుకుని, నవ్వు కింద ఆవగింజలంత అక్షరాల్లో ఉన్న వాక్యాన్ని గొంతెత్తి చదివింది: ఈ నీటిలో ఫ్లోరైడు ఎక్కువ, ఏడేళ్ళ లోపు పిల్లలు రోజూ తాగడానికి తగదు.

బ్యాండు ఆగింది. లూబెనోవ్ ఏమాత్రం కంగారుపడలేదు. అలా అచ్చువేయాలని చట్టం ఉందని, కంపెనీ చట్టాన్ని గౌరవిస్తుందని, చట్టం సీసా నీళ్ళకు సంబంధించిందని వివరించాడు.

“విన్నారుగా,” అన్నాడు మేయరు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. “సీసా నీళ్ళకి. మన పంపుకి కాయితమే అతికించలేదు.”

చప్పట్లు చాలాసేపు మోగాయి. బ్యాండు మళ్ళీ అందుకుంది.

శరదృతువులో బిల్యానాకు ముందు పళ్ళు వచ్చాయి. రెండిటి మీదా చారలు. పిల్ల అద్దం ముందు నిలబడి బ్రష్షుతో తోమింది, తువ్వాలుతో తుడిచింది, గోరుతో గీకింది. తరవాత తాత ఒళ్ళోకి వచ్చి, “తాతా, ఇది పోవట్లేదు. నువ్వు కొన్నావే, అలాంటివి నాకూ కొంటావా?” అని అడిగింది. పెద్దయ్యాక కొంటానన్నాడు తాత. మొహం అటు తిప్పుకున్నాడు. అప్పుడు కూడా ఆయన నవ్వుతున్నట్టే ఉన్నాడని ఆయన కోడలు చెప్పింది.

పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చిన పిల్ల కంపెనీకి పనికిరాదు. అందుకని ఏటా ఒక కొత్త పాపనో బాబునో ఎంచుకుంటారు. ఎంపిక రోజున తల్లులు తెల్లవారకముందే పిల్లల్ని ముస్తాబు చేసి ఫ్యాక్టరీ గేటు ముందు వరసకడతారు. పిల్ల మొహంలో కళ రావాలని ఆ పూట ఇంకో గ్లాసు ఎక్కువే తాగిస్తారు. ఈ ఏడు డాక్టరు నెదెల్యా ఆ వరస పొడుగునా నడుస్తూ, సీసా మీది చిన్న అక్షరాలు చదివారా అని ఒక్కొక్కరినే అడిగింది.

“చదివాం డాక్టరమ్మా,” అంది వరసలో మొదటి తల్లి, చంకలో బిడ్డను ఇటునుంచి అటు మార్చుకుంటూ. “కొనుక్కు తాగేవాళ్ళ పాపం అది. మాకు ఊరికే వస్తుంది కదా.”

మా నీళ్ళు ఇప్పుడు ఓడలెక్కి దేశాలు దాటుతున్నాయి. మీ వైపు కూడా వస్తాయని విన్నాం. దుకాణంలో సీసా చేతికి తీసుకుని పాప నవ్వు చూడండి, మనసు చల్లబడుతుంది. కింది అక్షరాల కోసం కళ్ళజోడు వెతుక్కోకండి. మీ పంపుకీ కాయితం అతికించి లేదు కదా.