పక్క కుర్చీ కౌన్సెలర్

ఆ ఆదివారం ఉదయం డ్రైవింగ్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యకు క్లాసుందని చెప్పాలి. కారు తీసుకుని లైబ్రరీ దాకా వెళ్లాలి. మేడ మీద తల్లిదండ్రులు కూడుకునే హాల్లో ఎవరి కంటా పడకుండా వెనక వరసలో కూర్చుని, అక్కడికొచ్చే కౌన్సెలర్‌ని ఒకే ఒక్క ప్రశ్న అడిగి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. ప్రశ్న కూడా తయారుగానే ఉంది. కాలేజీలో చదువుతున్న కూతురు తండ్రితో మాట్లాడటం మానేస్తే ఏం చెయ్యాలి?

మానేసిందంటే పూర్తిగా మానేసింది. తల్లితో మాట్లాడుతుంది, ఫోన్లో స్నేహితురాళ్లతో కిలకిలా నవ్వుతుంది, ఆఖరికి గోడ మీద పిల్లిని కూడా పలకరిస్తుంది. నాన్న గదిలో అడుగుపెడితే మాత్రం నోటికి తాళం. తిన్నావా అంటే తల ఊపుతుంది. పరీక్షలెప్పుడంటే క్యాలెండర్ చూపిస్తుంది. మొదట్లో పంతం అనుకున్నాడు, తరవాత చదువు ఒత్తిడి అని సరిపెట్టుకున్నాడు. ఒకరోజు ఆ పిల్ల వంటింట్లో తల్లికేదో చెబుతూ, తన చెప్పుల చప్పుడు వినపడగానే మాట సగంలో మింగేయడం చూశాక మాస్టారికి గుండె చెరువైపోయింది.

కౌన్సెలర్ ఎక్కడ దొరుకుతారో కనుక్కోవడమే ఒక పెద్ద పని. పరువుగల మనిషి నేరుగా అడగలేడు కదా. మందుల షాపులో దగ్గు బిళ్లలు కొంటూ, తనకొక స్నేహితుడున్నాడనీ, పాపం ఇంట్లో పిల్లల విషయంలో నలిగిపోతున్నాడనీ, అలాంటివాళ్లకు మంచి చెడ్డా చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా అనీ మాటవరసకు అన్నట్టు అడిగాడు. మీ స్నేహితుడికి కొడుకా, కూతురా అని షాపాయన అడిగాడు. "మాకు అమ్మాయే" అనేసి మాస్టారు నాలుక కరుచుకున్నాడు. షాపాయన మంచివాడు. వినపడనట్టే బిళ్లలు పొట్లం కట్టి, ఆదివారాలు లైబ్రరీ మేడ మీద కొందరు తల్లిదండ్రులు కూర్చుని కష్టసుఖాలు చెప్పుకుంటారనీ, ఈ వారం నుంచి ఒక కౌన్సెలర్ కూడా వస్తున్నారనీ, స్నేహితుణ్ణి తప్పకుండా పంపమనీ చెప్పాడు.

ఇక్కడ మాస్టారి వృత్తి గురించి ఒక ముక్క చెప్పుకోవాలి. నేర్పే కారులో స్టీరింగు నేర్చుకునేవాడి చేతిలో ఉంటుంది. పక్క సీటులో కూర్చునే మాస్టారి కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. ఈయన బతుకంతా ఆ పక్క సీటులోనే గడిచింది. అందువల్ల ఎక్కడికి వెళ్లినా, ఎవరు నడిపిస్తున్నారో చూసుకుని వాళ్ల పక్కనే కూలబడతాడు. ఎదుటివాడు దారి తప్పుతున్నాడనిపిస్తే చాలు, కాలు దానంతటదే నేలను ఠపీమని తొక్కేస్తుంది. శిష్యులు చాటుగా ఆయన్ని బ్రేకు మాస్టారంటారు. ఈ రెండు అలవాట్లూ కలిసే ఆయన కొంప ముంచాయి.

హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. గుండ్రానికి వెనక వరస ఉండదన్న సంగతి మాస్టారికి అప్పటిదాకా తట్టలేదు. కంగారులో కాళ్లు వాటి దారి అవి చూసుకుని, సభ నడిపే లైబ్రేరియన్ గారి పక్క కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టాయి. ఆవిడ చిరునవ్వు నవ్వి, "సరిగ్గా టైముకొచ్చారండీ" అని, అందరి వైపూ తిరిగి, మనందరి కోసం శ్రమపడి వచ్చిన కౌన్సెలర్ గారు వీరేనని పరిచయం చేసేశారు.

మాస్టారు నిర్ఘాంతపోయాడు. కాదండీ అనడానికి నోరు తెరిచేలోగా ఎదుటి కుర్చీలోని బేకరీ యజమాని తన గోడు మొదలుపెట్టేశాడు. కొడుకు పొద్దస్తమానం ఫోను చూస్తాడట. తనేదో అంటాడట, వాడేదో అంటాడట. చెబుతున్నకొద్దీ బేకరీ ఆయన గొంతు పెరిగింది, మొహం ఎర్రబడింది, మాట వేగం అందుకుంది. "నాకు ఒళ్లు మండి, ఇక నువ్వు నా గడప తొక్కొద్దురా అని..." అనేసరికి మాస్టారి కాలు నేలను ఠపీమని తొక్కింది.

మాస్టారికి చెమటలు పట్టాయి. బేకరీ ఆయన మాత్రం నోరు తెరిచి, మూసి, నెమ్మదిగా తలాడించాడు.

"అర్థమైందండీ. అక్కడే ఆగి ఉండాల్సింది."

ఇక ఏదో ఒకటి మాట్లాడక తప్పలేదు. మాస్టారికి వచ్చిన మాటలు కారులో మాటలే. ఇంజను అరుస్తుంటే ఇంకా యాక్సిలరేటర్ తొక్కకూడదనీ, ముందు న్యూట్రల్‌కి రావాలనీ చెప్పాడు. వెనక ఎవడో హారన్ కొడుతున్నాడని మన గేరు మార్చకూడదన్నాడు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఆవిడ వెనక హారన్ కొట్టేది అత్తగారట. లైబ్రేరియన్ గారు చప్పట్లు కొట్టారు. తన ప్రశ్న గొంతులోనే పెట్టుకుని మాస్టారు ఇంటికొచ్చాడు. కౌన్సెలర్‌కి కష్టాలుంటాయని అక్కడ ఎవరూ అనుకోలేదు మరి.

మరుసటి ఆదివారం నిజం చెప్పి క్షమాపణ అడగాలనే వెళ్లాడు. మెట్లెక్కి చూస్తే, హాలు నిండిపోయి, కింద చదువుకునే గదిలోని బల్లలు కూడా పైకి చేరాయి. బేకరీ ఆయన ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుని, కోపం వచ్చినప్పుడల్లా తను కూడా నేలను తొక్కి ఆగిపోతున్నాననీ, నిన్న కొడుకు తనంతట తానే వచ్చి పక్కన కూర్చున్నాడనీ గద్గదంగా చెప్పాడు. ఆ మనిషి కళ్లలోకి చూసి నేను కౌన్సెలర్‌ని కానని చెప్పడానికి రాతిగుండె కావాలి. మాస్టారికి అది లేదు. వెళ్లి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

ఆ తరవాత వ్యవహారం చెయ్యి దాటిపోయింది. ఊళ్లో ఏ ఇంట్లో చూసినా తల్లులూ తండ్రులూ నేలను తొక్కడమే. మేడ మీద కాపురముండేవాళ్ల మీద కింది వాటావాళ్లు గొడవకు దిగారు. బండి నేర్చుకుంటున్న ఆసుపత్రి నర్సమ్మ ఒకరోజు మలుపు తిప్పుతూ, లైబ్రరీలో గొప్ప కౌన్సెలర్ ఉన్నాడట మాస్టారూ, అచ్చం మీలాగే కాలు తొక్కుతాడట అన్నప్పుడు, మాస్టారు ఎందుకూ అవసరం లేకపోయినా బ్రేకు వేసి బండిని నడిరోడ్డు మీద ఆపేశాడు. హాల్లో ఎవరేమడిగినా చెప్పగలుగుతున్నాడు. ఇంట్లో కూతురు మాత్రం ఇంకా క్యాలెండరే చూపిస్తోంది. ఊరి పిల్లలందరూ నాన్నలతో మాట్లాడుతున్నారు, నా బిడ్డ తప్ప అని తలుచుకుంటే ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం ఉదయం భార్య, అమ్మాయిని తీసుకుని అక్క ఇంటికి వెళ్లొస్తానంది. అమ్మయ్య, ఈ పూట అబద్ధం చెప్పే పని లేదని మాస్టారు సంతోషించాడు. లైబ్రరీ హాల్లో కుర్చీలో కుదురుగా కూర్చుని, తలెత్తి గుమ్మం వైపు చూశాడు.

గుమ్మంలో అక్క ఇంటికి వెళ్లిన భార్య నిలబడి ఉంది. వెనకే కూతురు.

మాస్టారు కొయ్యబారిపోయాడు. ఆవిడ పరిస్థితీ అంతే. కళ్లద్దాల షాపులో పనిచేసే మనిషి కాబట్టి తన చూపును తాను అనుమానించడానికి కూడా లేదు. ఈ గొప్ప కౌన్సెలర్ గురించి షాపుకొచ్చిన బేకరీ ఆయన భార్య చెప్పగా విని వచ్చిందావిడ. లైబ్రేరియన్ గారికి ఇవేవీ తెలియవు. ఇద్దరినీ ఎదుటి కుర్చీల్లో కూర్చోబెట్టి, సంకోచపడకుండా చెప్పుకోమని, సార్ కడుపులోంచి ఒక్క మాట కూడా బయటికి పోదని ధైర్యం చెప్పారు.

భార్య కుర్చీ ముందుకు జరుపుకుంది. తరవాత సార్ మొహంలోకి సూటిగా చూస్తూ చెప్పింది.

"మా అమ్మాయి మా ఆయనతో మాట్లాడటం లేదండీ. తప్పు పిల్లది కాదు. ఆయన డ్రైవింగ్ నేర్పుతారు. ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చారు. ఇది 'నాన్నా, నేను' అని మొదలుపెడుతుందో లేదో, అటు కాలు నేలకేసి తొక్కుతారు. ఏం చెప్పబోతోందో కూడా వినరు. ఎన్నిసార్లని మొదలుపెడుతుంది చెప్పండి?"

అబద్ధం, నేనెప్పుడలా చేశానని మాస్టారు అనబోయాడు. ఆయన కంటే ముందు కాలు జవాబు చెప్పింది. ఠపీమన్న ఆ చప్పుడు హాలంతా విన్నది. అందరి చూపులూ సార్ మొహం మీంచి కాలి మీదికి, కాలి మీంచి ఆవిడ మీదికి తిరిగాయి. బేకరీ ఆయన నోరు తెరిచినవాడు మూయలేదు.

"ఏవండీ," అంది భార్య, ఈసారి మెల్లగా, "అదే చెబుతున్నా."

మాస్టారు లేచి నిలబడ్డాడు. "నేను కౌన్సెలర్‌ని కాదండీ. నాకే కౌన్సెలర్ కావాలని వచ్చాను. మొదటి రోజు చెప్పలేకపోయాను, తరవాత చెప్పే మొహం లేకపోయింది." సిగ్గుతో ఆయన తల ఎత్తలేకపోయాడు. లైబ్రేరియన్ గారు కూలిపోయినట్టు కుర్చీలో వెనక్కి వాలి, మరి అసలు కౌన్సెలర్ ఏమయ్యారని గాలిని అడిగినట్టు అడిగారు.

గుమ్మం పక్కన కూర్చుని మొదటి వారం నుంచీ నోరు విప్పకుండా స్వెట్టర్ అల్లుకుంటున్న ఆవిడ చెయ్యెత్తింది.

"నేనేనండీ. ఆ రోజు ఆలస్యమైంది. వచ్చేసరికి ఈయన కూర్చుని ఉన్నారు, మీరింకెవరినో పెట్టుకున్నారనుకున్నాను. లేచి వెళ్లిపోదామనే అనుకున్నా. కానీ నాకూ ఇంట్లో ఒక కొడుకున్నాడు. నేనేమన్నా, 'అమ్మా, కౌన్సెలింగ్ మొదలుపెట్టకు' అంటాడు. ఎవరైనా చెబుతుంటే ఊరికే వింటూ కూర్చోవడం నాకు హాయిగా ఉంది."

షాకు మీద షాకు తిని ఉన్న సభలో ఆవిడొక్కతే స్థిమితంగా ఉంది. అల్లిక పక్కన పెట్టి వచ్చి, మాస్టారిని రెండు కాళ్లూ కుర్చీ మీదికి మడిచి బాసింపట్టు వేసుకుని కూర్చోమంది. అమ్మాయి మాట పూర్తయ్యేదాకా కాళ్లు కిందికి దించడానికి వీల్లేదంది. అంతమంది మధ్య మాస్టారు చిన్నపిల్లాడిలా కాళ్లు మడుచుకున్నాడు. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన ఆ గొంతు కోసం ఆయన తలకిందులుగా కూర్చోమన్నా కూర్చునేవాడే.

కూతురు గొంతు సవరించుకుంది. "నాన్నా, నేను..." అని, అలవాటు కొద్దీ ఆగి, ఆయన కాళ్ల వైపు చూసింది. అవి కదల్లేదు.

"నేను నీ దగ్గర కారు నేర్చుకుందామనుకున్నా. నువ్వొక్కసారి తీసుకెళ్లావు. ఆగి ఉన్న సైకిల్ కనపడినా బ్రేకు వేశావు, మన వీధి చివరికి కూడా వెళ్లలేదు. అందుకని వేరే చోట చేరాను. నేర్చుకున్నాను. లైసెన్సు కూడా వచ్చింది. నీకు చెప్పాలని ఎన్నిసార్లు మొదలుపెట్టానో. ఆ తరవాత భయమేసింది. ఇంకే మాట మాట్లాడినా మధ్యలో ఇదే జారిపోతుందని అసలు మాట్లాడటమే మానేశా."

"వేరే చోటంటే?" అన్నాడు మాస్టారు.

"ఎదురు స్కూల్లో."

భార్య రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆవిడకూ ఇది కొత్త సంగతే. ఎదురు స్కూలంటే ఒకప్పుడు మాస్టారి దగ్గరే పని నేర్చుకుని, ఒకరోజు చెప్పాపెట్టకుండా రోడ్డు దాటి సొంత బోర్డు పెట్టుకున్న శిష్యుడిది. ఆ ఇంట్లో అతని పేరెత్తితే మంచినీళ్లు కూడా పుట్టవు. మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. కళ్లు తేలేసి కూతురి వైపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. పిడుగులాంటి వార్తే. కాని చెప్పింది తన కూతురు, తన మొహం చూసి, మొదటి నుంచి చివరి దాకా. మంట ఒక పక్కా, ఆనందం ఒక పక్కా పట్టి లాగుతుంటే ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కళ్లు తుడుచుకుని, "రివర్స్‌లో పార్కింగ్ నేర్పాడా?" అని అడిగాడు.

"నేర్పారు నాన్నా."

"వాడికది సరిగ్గా రాదు. రేపు నేను చూపిస్తాలే."

కూతురు నవ్వింది. ఇంటికి కారు తనే నడిపింది. దారి పొడుగునా, మాట్లాడని నెలల బాకీ అంతా తీర్చేస్తున్నట్టు కాలేజీ గురించీ, పిల్లి గురించీ ఎడతెరిపి లేకుండా చెబుతూనే ఉంది. వెనక సీటులో కూర్చున్న తండ్రి ఒక్క మాటకూ అడ్డు తగల్లేదు.

మర్నాడు పొద్దున్న మాస్టారు స్కూలు తలుపులు తీసేసరికి, ఎదుటి బోర్డు మీద ఒక కొత్త వాక్యానికి రంగు ఆరుతోంది: "డ్రైవింగ్ మాస్టర్ల పిల్లలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వబడును."