దగ్గాకు సంగతి ఎప్పటికీ తేలకూడదు

మా ఊరి దగ్గాకు మీద జరుగుతున్న పరిశోధన ఎన్నటికీ తెమలకూడదని నేను రోజూ దేవుణ్ణి వేడుకుంటున్నాను. ఆదివారమైతే చర్చిలో ముందు బెంచీలో కూర్చుని మరీ! నవ్వకండి. సైన్సంటే గిట్టక కాదు.

మాది కందవు దీవిలో రోడ్డనేది లేని కొసన ఉన్న ఊరు. జలుబు చేసి దగ్గొస్తే వాసెమదా బామ్మ దగ్గాకు కాచి పోస్తుంది. దానివల్ల తగ్గుతుందో, దానంతటదే తగ్గుతుందో ఎవరికి తెలుసు? అది తేల్చడానికే బ్రిస్బేన్ నుంచి హడ్సన్ డాక్టరుగారు దిగారు. ఆయన మొక్కల డాక్టరు లెండి, మనుషుల డాక్టరు కాదు. వైరస్ మీద మా ఆకు పనిచేస్తుందేమో చూస్తారట!

పద్ధతి తెలిసిన మనిషి. వస్తూనే, మాలో ఏదైనా అడిగేముందు ఇచ్చుకునే కానుక, యంగోనా మొక్క వేళ్ళ కట్ట మా పెద్దల ముందు పెట్టారు. వాళ్ళు ముట్టుకున్నారు. ముట్టుకున్నాక అడిగింది కాదనడం మా ఇంటా వంటా లేదు. ఇంకేం! ఊళ్ళో దగ్గాకు పొదలన్నీ బోడిగుండ్లయ్యాయి.

అయితేనేం, ఎన్ని లాభాలు! దగ్గేవాడికి ఇంత గౌరవం ఎక్కడైనా ఉందా? మా బావ ఇనోకే దగ్గును రికార్డు చేసుకున్నారు. అప్పట్నుంచి వాడు గొంతు సవరించుకుని మరీ దగ్గుతున్నాడు. "నీ దగ్గు ఎవడిక్కావాలి బావా? నాది ఆస్ట్రేలియా వెళ్ళొచ్చింది!" అని నన్ను దెప్పుతాడు. అన్నిటికీ మించి, పడవ! ఆకులు వాడకుండా ఐసు పెట్టెల్లో పెట్టి వారం వారం రాజధాని సువాకు చేర్చే మోటారు పడవ.

మొన్న బామ్మ మనవరాలు సాలోటేకి దగ్గు ముదిరి ఆయాసం పట్టుకుంది. పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. ఆకు కాద్దామంటే ఆకు లేదు. నర్సమ్మ పోస్టు ఎప్పట్నుంచో ఖాళీ. "యంగోనా కట్ట పట్టుకు రారా!" అని నన్ను కేకేసి, బామ్మ పిల్లను చంకనేసుకుని రేవుకు పరుగెత్తింది. వెనకాలే నేను.

పడవ బయల్దేరబోతోంది. "చోటు లేదమ్మా, అన్నీ ఐసు పెట్టెలే. ఆలస్యమైతే శాంపిళ్ళు పాడైపోతాయి" అన్నారు డాక్టరుగారు.

బామ్మ పిల్లను నాకిచ్చి, ఇసుకలో చతికిలబడి, వేళ్ళ కట్టను రెండు చేతులా చాపింది. వీడ్కోలు కానుక కాబోలనుకుని ఆయన మురిసిపోతూ అందుకున్నారు. మా పద్ధతిలో చప్పట్లు కూడా కొట్టారు!

"ముట్టుకున్నావుగా నాయనా! ఇంక పెట్టె దించు, పిల్లనెక్కించు."

ఆయన బామ్మను చూశారు. రేవులో నిలబడ్డ ఊరందరినీ చూశారు. పెట్టె దిగింది, సాలోటే ఎక్కింది. సువా ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక పిల్ల గట్టెక్కింది. ఆ కబురు విని నేను ఏడ్చేశాను, చెప్పడానికి సిగ్గెందుకు?

నిన్న రిపోర్టు వచ్చింది. ఆకు గురించి ఏమీ తేలలేదట, ఇంకా పరిశోధన జరగాలట. ఊరంతా పండగ! తేలిందంటే డాక్టరుగారు వెళ్ళిపోతారు, ఆయనతో పడవా పోతుంది. పడవ పంపండి, నర్సును పంపండి అని మేం ఏళ్ళ తరబడి మొత్తుకున్నా సర్కారు చెవికి ఎక్కలేదు మరి. మా పిల్లలకు ఊపిరాడకపోతే ఇక్కడికి పడవ రాదు. ఆకు వాడిపోతుందంటే వస్తుంది.