వెండెల్ ఎడమకాలు, నాలుగో స్టేజ్ క్లచ్

స్పోర్ట్స్ కారుకు క్లచ్ ఎంచుకోవడం సొంత విషయం కాదనీ, అది నియమావళి ప్రకారం, పెద్దల సమక్షంలో, సభాముఖంగా జరగవలసిన కార్యమనీ నాగరిక ప్రపంచం ఏనాడో ఒప్పుకుంది. ఈ సంగతి తెలియని ఆఖరి మనిషి పిట్స్‌బర్గ్‌లో మిగిలిపోయాడు. పేరు వెండెల్ సొబ్‌చాక్.

వెండెల్‌కు నలభై ఆరేళ్లు. ఇరవై రెండేళ్లుగా చర్చిలో ఆర్గన్ వాయిస్తున్నాడు. చర్చి ఆర్గన్ చేతులతో మాత్రమే మోగదు. కాళ్ల దగ్గర వరసగా చెక్క పెడళ్లు ఉంటాయి, మంద్రస్వరాలన్నీ వాటివే. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క వాహనం పదిహేనేళ్ల కిందటి రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు. చర్చికి అదే, కూరగాయలకు అదే, నర్సుగా పనిచేసే భార్య ఐయోన్‌ను ఆసుపత్రి దగ్గర దింపడానికీ అదే.

మార్చిలో ఒక మంగళవారం పొద్దున కొండ ఎక్కుతుండగా ఇంజన్ గొంతు చించుకుని అరిచింది. కారు మాత్రం నత్తకు దారిస్తున్నట్టు నిలబడింది. వెనక బస్సు హారన్ మోగించింది.

"గేరు పడలేదేమో చూడు," అంది ఐయోన్.

"పడింది. క్లచ్ జారుతోంది."

"జారితే పట్టుకోమను. నాకు ఏడింటికి డ్యూటీ."

మెకానిక్ బెర్నడెట్ కూజ్మాకు అరవై దాటాయి. ఆ కారును పుట్టినప్పటి నుంచీ ఎరుగును. కింద దూరి చూసి, లేచి, చేతులు తుడుచుకుంది.

"ప్లేటు అరిగిపోయింది నాయనా. తొంభై వేల మైళ్లు ఈ కొండలమీద తిప్పావు, పాపం అది మాత్రం ఏం చేస్తుంది. కంపెనీదే ఇంకోటి వేస్తా. గురువారం సాయంత్రం వచ్చి తీసుకుపో."

"అంతేనా?"

"అంతే. బ్యాండుమేళం కూడా పెట్టించాలా?"

వ్యవహారం ఇక్కడితో ముగిసి ఉండేది (లోకంలో చాలా కాపురాలు ఇక్కడితో ముగించుకునే సుఖంగా ఉన్నాయి). కానీ వెండెల్ నోటివెంట ఒక మాట జారింది.

"ఇంకాస్త మెరుగైనది ఏదైనా ఉందేమో చూసొస్తా."

"చూడు. కానీ ఇంటర్నెట్‌లో మాత్రం అడక్కు," అంది బెర్నడెట్.

అడిగాడు.

ఆ కారు ఓనర్లకు ఒక ఆన్‌లైన్ సభ ఉంది. సభ్యులు నలభై వేలు. వారిలో ఎంతమందికి ఆ కారు నిజంగా ఉందనేది వేరే చర్చ (ఆ చర్చను మూసేశారు). సభను నడిపేది కెనడాలో ఎక్కడో గోధుమ చేల మధ్య ఉండే థర్మన్ అనే పెద్దమనిషి. హోదా: ప్రధాన గేరు సంరక్షకుడు. మూడో నియమం ప్రకారం, క్లచ్ గురించి అడిగే ముందు పాత చర్చలు మూడువందల పన్నెండు పేజీలు చదివి తీరాలి. నాలుగో నియమం ప్రకారం, అవి చదివినవాడికి సందేహాలే ఉండవు గనుక, సందేహం అడగడమే చదవలేదనడానికి సాక్ష్యం. వెండెల్ ప్రశ్నకు నాలుగు నిమిషాల్లో తాళం పడింది.

పదకొండు రోజులు కూర్చుని చదివాడు. ఆ పదకొండు రోజులూ మొగుడూ పెళ్లాం బస్సులో తిరిగారు. తర్వాత తొమ్మిదో నంబరు ఫారం నింపాడు. అందులో మూడు గడులు: మీ ఇంజన్‌కు ఇప్పుడున్న బలం, మీరు కోరుకునే బలం, ఇంట్లో ఒప్పుకుంటే మీరు కోరుకునే బలం. మూడో గడిలో "ఇదే చాలు" అని రాశాడు. సరైన సమాధానం కాదని ఫారం వెనక్కి వచ్చింది.

తర్వాత "రోజూ నడిపే కారు" అన్న మాటకు అర్థం తేల్చడానికి ఉపసంఘం కూర్చుంది. రోజూ అంటే ఆదివారం కూడానా? పదిహేడుగురు ఆరు రోజులు వాదించుకున్నారు. వెండెల్ వృత్తిరీత్యా ఆదివారమే ఎక్కువ నడుపుతాడని తెలిశాక, అతని కారును తాత్కాలికంగా రోజువారీ వాహనంగా గుర్తించారు.

చివరికి తీర్పు వచ్చింది. మెరుగైన క్లచ్‌లు స్టేజ్‌ల వారీగా వస్తాయి, స్టేజ్ పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. మొదటి స్టేజ్ ముసలివాళ్లకు. రెండోది మనసు కుదరనివాళ్లకు. మూడోది, నాలుగోది కొననందుకు తర్వాత ఏడ్చేవాళ్లకు. థర్మన్ స్వయంగా కలుగజేసుకుని రాశాడు: "ఇవాళ నీ దగ్గరున్న కారుకు క్లచ్ కొనకు తమ్ముడూ. రేపు దాన్ని నువ్వు ఏం చేయబోతున్నావో, ఆ కారుకు కొను."

కారును ఏమైనా చేయాలని వెండెల్ ఎన్నడూ అనుకోలేదు. కానీ ఆర్గన్ బల్లమీద కూర్చుని ఆ మాటను మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా అవే కీర్తనలు, అదే వరసలో వాయిస్తున్నాడు. నీకూ ఒక రేపు ఉందని అతనితో చెప్పిన మొదటి మనిషి థర్మనే. అక్కడే కూర్చుని నాలుగో స్టేజ్ ఆర్డరు పెట్టేశాడు.

"నాలుగో స్టేజా?" అంది ఐయోన్. "మా ఆసుపత్రిలో ఆ మాట అంటే చుట్టాలందరికీ కబురు పెడతాం."

బెర్నడెట్ పెట్టె విప్పింది. మామూలు ప్లేటుకు చుట్టూ మెత్తటి పట్టీ ఉంటుంది. దీనికి ఆరు పింగాణీ బిళ్లలున్నాయి, గట్టిగా, రాళ్లలా.

"ఇది క్లచ్ కాదు నాయనా, కరెంటు స్విచ్చి. పడితే పడుతుంది, లేకపోతే లేదు. నడిమధ్య ఏమీ ఉండదు," అంది. బిగించి ఇచ్చింది.

ఆ క్లచ్ పెడల్ తొక్కుతుంటే ఫ్రిజ్‌ను కాలితో జరుపుతున్నట్టుంది. వదిలితే కారు ఒక్కసారిగా గెంతింది. మొదటి సిగ్నల్ దగ్గర ఐయోన్ కాఫీ యూనిఫాంమీద పడింది. రెండో సిగ్నల్ దగ్గర, తోటి నర్సుల కోసం వండిన క్యాబేజీ నూడుల్స్ గిన్నెలోంచి లేచి అద్దానికి అతుక్కున్నాయి. మూడో సిగ్నల్ దగ్గర ఆమె తలుపు తీసుకుని దిగింది.

"నేను బస్సులో పోతా. నువ్వూ నీ రేపూ మెల్లగా రండి."

కారు వణుకుతోందని సభకు విన్నవించుకున్నాడు. ఐదువందల మైళ్లు ఊరి ట్రాఫిక్‌లో నడిపితే సర్దుకుంటుందన్నారు. ఊళ్లోకి వెళ్లే సొరంగం ముందు రోజూ నలభై నిమిషాలు ఆగుతూ కదులుతూ ఐదువందలు పూర్తిచేశాడు. కారు సర్దుకోలేదు. క్లచ్ తొక్కే ఎడమకాలు పీకుతోందని మళ్లీ రాశాడు.

థర్మన్ జవాబు: "నీ కాలు కంపెనీ వాళ్లు బిగించిందే కదా. లోపం అక్కడుంది. దాన్ని అప్‌గ్రేడ్ చేయి." కింద గుంజీళ్ల పట్టిక జతచేశాడు.

వెండెల్ చర్చిలో, పాటకూ పాటకూ మధ్య, గుంజీళ్లు తీశాడు. ఎడమ తొడ కుడిదానికన్నా అంగుళమున్నర లావైందని ఐయోన్ టేపు పెట్టి తేల్చింది. ప్యాంటు ఒక కాలికే బిగుతైంది.

మే నెలాఖరులో స్టాష్ గ్రబోస్కీ అనే రిటైరైన ఉక్కు కార్మికుడి అంత్యక్రియలు వచ్చాయి. ఆ పొద్దున సొరంగం దగ్గర గంటసేపు పెడల్ తొక్కీ తొక్కీ వెండెల్ నేరుగా ఆర్గన్ ముందు కూర్చున్నాడు. చివరి కీర్తనలో అన్నిటికన్నా కింది స్వరం మీద ఎడమకాలు మోపాడు. తొడ కండ పట్టేసింది. కాలు లేవలేదు. కీర్తన అయిపోయింది, స్వరం ఆగలేదు. ఫాదర్ ప్రార్థన మొదలుపెట్టాడు, స్వరం ఆగలేదు. కిటికీ అద్దాలు గడగడలాడాయి. ఇదీ తంతులో భాగమేననుకుని జనం లేచి నిలబడ్డారు. వెండెల్ రెండు చేతులతో తన కాలిని పట్టుకుని పక్కకు లాగేసరికి చెమటలు పట్టాయి.

బయట స్టాష్ భార్య లొరెట్టా అతని చెయ్యి పట్టుకుంది. కళ్లు తుడుచుకుంటోంది.

"యాభై ఏళ్లు నా పక్కన పడుకుని అచ్చం ఇలాగే గురకపెట్టేవాడు బాబూ. చాలా థాంక్స్."

ఫాదర్‌కు అంత ఊరట కలగలేదు. "వచ్చే ఆదివారం కూడా ఇలాగే అయితే నేను రికార్డు పెట్టుకుంటా, వెండెల్. రికార్డుకు కాళ్లు పట్టెయ్యవు," అన్నాడు నెమ్మదిగా.

సోమవారం వెండెల్ కుంటుకుంటూ బెర్నడెట్ దగ్గరికి వెళ్లాడు. ఆమె అరమీదినుంచి ఒక పెట్టె దించింది. కంపెనీ క్లచ్. పైన అతని పేరు, మార్చి తేదీ.

"అప్పుడే తెప్పించావా!"

"సభకు వెళ్లినవాళ్లు ఎప్పుడూ రెండుసార్లు వస్తారు నాయనా. నా ఇద్దరు పిల్లల కాలేజీ చదువు అలాగే గడిచింది."

గురువారం పొద్దున ఐయోన్ నిండు కప్పుతో కారెక్కింది. కొండ కింద ఎంత కాఫీ ఉందో పైనా అంతే ఉంది. ఆమె అతని ఎడమ తొడమీద చెయ్యివేసి నొక్కి చూసింది.

"ఇది ఎప్పటికి తగ్గుతుందంటావ్?"

ఆ ఆదివారం కింది స్వరాలు దూదిపింజల్లా పలికాయి. ఇంటికొచ్చి వెండెల్ జరిగినదంతా సభలో నిజాయితీగా రాశాడు. రోజూ నడిపే కారుకు కంపెనీ క్లచ్ చాలని తేల్చాడు. కంపెనీ క్లచ్ ఉన్నదాన్ని స్పోర్ట్స్ కారుగా ధ్రువీకరించలేమంటూ థర్మన్ దాన్ని "ఇతర వాహనాలు" విభాగానికి మార్చి తాళం వేశాడు. అయితే ఒకే వసంతంలో రెండు క్లచ్‌లు మార్చిన అనుభవాన్ని గుర్తించి వెండెల్‌కు సీనియర్ సలహాదారు హోదా ఇచ్చాడు.

వారం తర్వాత డులూత్ నుంచి ఒక చిన్నపిల్లల టీచరమ్మ సభలో అడిగింది. ఇంటికీ బడికీ మూడు మైళ్లు, మోకాలు కాస్త నొప్పి, ఏ క్లచ్ వేయించుకోమంటారు అని. ప్రశ్నను మొదట చూసింది వెండెలే. కంపెనీది వేయించుకోండమ్మా అని టైపు చేశాడు. అప్పుడే వంటింట్లోంచి ఐయోన్ గొంతు వినిపించింది, బెర్నడెట్ విప్పిచ్చాక మెట్లకింద చేరిన ఆ ఇనుప సామాను ఈ వారంలో ఇల్లు దాటాలని.

రాసింది చెరిపేశాడు.

"మీకు నాలుగో స్టేజే సరైనది," అని రాశాడు వెండెల్. "అదృష్టవశాత్తూ నా దగ్గర ఒకటుంది. ఆరు వారాలే వాడాను."