వార్తల పెద్దమ్మ మౌనం

ఆ పొద్దున వార్తల పెద్దమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం ఆరింటి దాకా ఫోను ముట్టుకోకూడదు. పూట తిండి మానమంటే మానేయగలదు. కోడలితో మాట్లాడకుండా రెండు రోజులుండమంటే హాయిగా ఉండగలదు. ఫోను ముట్టకుండా ఉండడం మాత్రం, తుమ్ము వస్తుంటే ముక్కు పట్టుకుని కూర్చోవడం లాంటిది.

ఈ పంతానికి కారణం ఒక ముసలి హాస్యనటుడు. ముందురోజు పొద్దున ఆయన పోయాడని పెద్దమ్మకు ఎవరో పంపారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, స్వయంగా నాలుగు ముక్కలు రాసి బంధువుల గ్రూపులో పెట్టింది. "నవ్వించి నవ్వించి చివరికి ఏడిపించి వెళ్ళారు. మీ మరణం చిత్రసీమకు తీరని లోటు." కొడుకు దాన్ని ఉన్నదున్నట్టు తన ఆఫీసు గ్రూపులోకి తోశాడు. ఆ ఆఫీసులో పెద్ద సారు భార్యకు ఆ నటుడు స్వయానా అన్న. పెద్ద సారు హడావిడిగా బావగారింటికి ఫోను చేస్తే బావగారే ఎత్తాడు. ఎత్తినవాడు ఊరికే పెట్టేయలేదు.

"నా పరువు గంగలో కలిపావమ్మా" అన్నాడు కొడుకు ఇంటికొచ్చి. అతను బీమా ఆఫీసులో పోయినవాళ్ళ డబ్బు ఇప్పించే బల్ల దగ్గర కూర్చుంటాడు. "నా ఎదురుగా నిలబడి ఎంతమంది ఏడ్చినా సరే, ధ్రువపత్రం చూడందే మనిషి పోయాడని నేను నమ్మను. నువ్వేమో ఎవడు ఏం పంపితే అది నమ్ముతావు."

"మరి నువ్వెందుకు పంపావురా?"

"నువ్వు పంపావు కదా అని!"

అన్నాక ఆ మాట తనకే తగిలి కొడుక్కి కోపం ఎక్కువైంది. "రేపు సాయంత్రం ఆరు దాకా ఆ ఫోను ముట్టుకోకుండా ఉండు చూద్దాం. ఉన్నావా, అది నీదే, ఇంకెప్పుడూ నోరెత్తను. ముట్టుకున్నావా, మీటల ఫోను కొనిచ్చేస్తాను."

"మీటల ఫోన్లో గ్రూపు వస్తుందా?"

"రాదు. అంకెలు వస్తాయి."

పెద్దమ్మకు గ్రూపు లేకపోతే రోజు గడవదు. పుట్టింటివాళ్ళూ మెట్టినింటివాళ్ళూ ఎక్కడెక్కడికో చెదిరిపోయారు. ఆవిడ సాగనంపిన వాళ్ళలో కొందరు మళ్ళీ రాలేదు. అదే ఆఖరి చూపని తెలిసుంటే, బస్సు కదిలేటప్పుడు చిల్లర లెక్క గురించి మాట్లాడి ఉండేది కాదు. అప్పటినుంచీ రోజూ పొద్దున్నే అందరూ లేచారో లేదో తెలిస్తే గానీ ఆవిడకు కాఫీ దిగదు. తెల్లారుతూనే ఫోను చేసి "బతికే ఉన్నావా?" అంటే తిడతారు. అందుకని, మేడెక్కిన గేదె దిగనని మొరాయించిందనో, సినిమావాళ్ళ జంట విడిపోయిందనో, ఎక్కడో పడవ మునిగిందనో ఏదో ఒకటి పంపుతుంది. గేదెకు చెల్లెలు నవ్వు బొమ్మ పెడితే చెల్లెలు లేచినట్టు. రిటైరైన హెడ్మాస్టరు మరిది "ఆధారమేది?" అని రాస్తే మరిది లేచినట్టు. లోకం ఏమైపోయినా ఫరవాలేదు, హాజరు పడితే చాలు.

అలాంటి ఫోనిప్పుడు భోజనాల బల్ల మధ్యలో, గొంతు నొక్కేసి, వెల్లకిలా పడి ఉంది. పందేనికి న్యాయమూర్తి కోడలు. ఆమె పక్కగదిలో కంప్యూటరు ముందు కూర్చుని, చెవులకు దొప్పలు తగిలించుకుని ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది.

"చూడొచ్చా?" అని అడిగింది పెద్దమ్మ.

"చూడండి అత్తయ్యా. చెయ్యి మాత్రం తగలకూడదు."

పెద్దమ్మ చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, బల్ల మీదికి కొంగలా వంగింది. కాసేపటికి గ్యాసు వాళ్ళు ఫోను చేస్తారేమోనంది. "నాకు చేస్తారు" అంది కోడలు. ఇంకాసేపటికి గుండెల్లో ఏదోలా ఉందంది. కోడలు పరుగున వచ్చి రక్తపోటు చూసే పట్టీ చేతికి చుట్టింది. అంకెలు పడుచుపిల్లకు ఉన్నట్టున్నాయి. "ఇవి రెండు ఎత్తులయ్యాయి అత్తయ్యా. మూడోది వెయ్యకండి" అని వెళ్ళి తలుపేసుకుంది.

ఫోను వెలిగింది. చెల్లెలు. "అక్కా, ఇవాళ వార్తల్లేవేం?"

మళ్ళీ వెలిగింది. మరిది. "వదిన వార్త పెట్టకపోవడమే ఒక వార్త."

దానికి పదిమంది నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. తరవాత చెల్లెలు ఫోను చేసింది. తెర మీద చెల్లెలి బొమ్మ నిశ్శబ్దంగా వణికి వణికి ఆగిపోయింది. మళ్ళీ వణికింది. నాలుగోసారికి పెద్దమ్మ వెనక కట్టుకున్న చేతులు ఒకదాన్నొకటి గిల్లుకుంటున్నాయి.

చెల్లెలు ఊరుకునే రకం కాదు. అక్క కొడుక్కీ కోడలికీ చేస్తే, పనిలో ఉండి ఇద్దరూ ఎత్తలేదు. అక్క ఇంటి ఎదురుగా జాకెట్లు కుట్టే ఆమె నంబరు తన దగ్గరుంది. ఆమెకు చేసి, మా అక్క కనిపించిందా అని అడిగింది. ఆమె మిషను ఆపకుండానే కిటికీలోంచి చూసి ఉన్న నిజమే చెప్పింది. "లేదండీ, పొద్దుట్నించీ బయటికి రాలేదు. గేటు ముందు అంబులెన్సు ఉంది."

అంబులెన్సు రోజూ ఉంటుంది. కింది వాటాలో అద్దెకున్నది దాని డ్రైవరే. అన్నం తినడానికి ఇంటికొచ్చి, దాన్ని గేటు ముందు పెట్టి, తిని ఒక కునుకు తీసి పోతాడు. ఆ సంగతి జాకెట్లామె చెప్పలేదు, చెల్లెలు అడగలేదు.

"గేటు ముందు అంబులెన్సు ఉందట. నా కాళ్ళూ చేతులూ ఆడట్లేదు" అని చెల్లెలు గ్రూపులో రాసింది. ఆ తరవాత గ్రూపు ఎవరి మాటా వినలేదు. ఒకరు ఆసుపత్రి అన్నారు, ఇంకొకరు దారిలోనే అన్నారు, మూడోవారు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఒకసారి చేతులు జోడించాక దించేవాడెవరు?

ఫ్లెక్సీలు అచ్చువేసే మేనల్లుడొకడున్నాడు. ఎవరి పుట్టినరోజైనా, ఎవరి చావైనా అందరికన్నా ముందు బొమ్మ పెట్టేది వాడే. చుట్టూ తెల్లపూలు, కింద ఎగిరే పావురం అన్నీ సిద్ధంగా ఉంటాయి, మధ్యలో మొహం మారుస్తాడంతే. వాడు బీమా ఏజెంటు కూడా కావడంతో బొమ్మ కింద "బీమా ఆఫీసరు గారి మాతృమూర్తికి కన్నీటి నివాళి" అని వేసి, బంధువుల గ్రూపులోనూ బావ ఆఫీసు గ్రూపులోనూ ఒకేసారి వదిలాడు.

పెద్దమ్మ తన బొమ్మ తనే చూసుకుంది. ఏదో పెళ్ళిలో ఆవలిస్తుండగా తీసిన ఫోటో. భుజం మీద ఎవరిదో చెయ్యి, దాని తాలూకు మనిషిని కత్తిరించేశారు.

"ఒరే దౌర్భాగ్యుడా, పోయినప్పుడైనా మంచి ఫోటో దొరకలేదా!" అని ఫోను మీద అరిచింది. గుర్తొచ్చి తలుపు దగ్గరికి పరిగెత్తింది. "ఏమే! నేను పోయానట! గ్రూపులో బొమ్మ పెట్టేశారు!"

కోడలు తల తిప్పకుండా, మీటింగు నడుస్తోందన్నట్టు వేలు పెదాల మీద పెట్టుకుని, రెండో చేత్తో మూడు వేళ్ళు చూపించింది. మూడో ఎత్తు అని.

పెద్దమ్మ తిరిగొచ్చి బల్ల మీదికి వంగింది. సంతాపాలు జడివానలా కురుస్తున్నాయి. ఎప్పుడూ పలకరించని వాళ్ళందరూ ఆవిడ చేతి కాఫీ మరిచిపోలేమన్నారు. ఎవరో తొందరలో, ఆవిడ నిన్న రాసిన ముక్కల్నే తీసి ఆవిడకు పెట్టారు. "మీ మరణం చిత్రసీమకు తీరని లోటు." తోటికోడలు, అంటే హెడ్మాస్టరు భార్య, ఏళ్ళ తరబడి మాటల్లేని మనిషి, పెద్ద పేరానే రాసింది. మంచి మనిషి, మనసు వెన్న, మాట మల్లెపువ్వు. "నా పెద్ద ఇత్తడి గిన్నె మాత్రం తిరిగివ్వకుండానే వెళ్ళిపోయింది. ఇప్పుడది ఎవర్నడగాలి?"

"నీ గిన్నె నీ మొగుడే పట్టుకెళ్ళాడే!" అంది పెద్దమ్మ. ఎవరూ వినలేదు. చచ్చినవాళ్ళకు ఎంత ఓర్పు కావాలో అప్పుడు తెలిసింది. అయినా చేతులు వెనకే ఉన్నాయి. ఇంకెంత, రెండు గంటలు. ఫోను నిలిస్తే ఈ గిన్నె సంగతి రేపు తీరుబడిగా తేల్చుకోవచ్చు.

అప్పుడు చెల్లెలి మాట వెలిగింది. "బస్సెక్కాను. అక్కను ఆఖరిసారి చూసుకోవాలి. నేనొచ్చేదాకా ఉంచండి."

చెల్లెలికి బస్సు పడదు. కిటికీ పక్కన సీటు లేకపోతే కళ్ళు తిరుగుతాయి. ఏడుస్తూ ఎక్కి ఉంటుంది, మాత్రలు మరిచిపోయి ఉంటుంది. పెద్దమ్మ ఇంక ఆలోచించలేదు. మీటల ఫోనైతే మీటల ఫోనే అనుకుని, చేతులు ముందుకు తెచ్చి ఫోనందుకుంది.

"ఒసేయ్, నేనే."

అవతల బస్సు మోత. "ఎవరు?"

"నేనేనే! మీ అక్కని!"

"అక్క ఫోను నీ దగ్గరికెలా వచ్చింది? ఎవరు నువ్వు? పోయిన మనిషి ఫోను కొట్టేస్తావా, చేతులు పడిపోను!" అని చెల్లెలు పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

పెద్దమ్మ గ్రూపులో రాసింది. "నేను బతికే ఉన్నాను. ఎవరూ రాకండి. చెల్లీ, బస్సు దిగు."

తరవాత మరిది రాశాడు. "ఎవరో వదిన ఫోన్లో దూరారు. జాగ్రత్త. ఒకవేళ వదినే రాసిందనుకున్నా, ఆవిడ పంపినవాటిలో ఇంతవరకూ ఏది నిజమైంది? ఆధారమేది?"

అందరికీ అది సబబుగానే తోచింది. మేనల్లుడు వెంటనే, క్షేమం కోరి, పెద్దమ్మను గ్రూపులోంచి తీసేశాడు.

పోయిందని ఎవరో అంటే ఎనభై మంది నమ్మారు. బతికున్నానని తను చెబితే ఒక్కడూ నమ్మలేదు. పెద్దమ్మ కుర్చీలో కూలబడింది. అప్పుడే మీటింగు ముగించుకుని వచ్చిన కోడలు, అత్తగారి చేతిలో ఫోను చూసి "అయ్యో, కొద్దిలో పోయింది కదా అత్తయ్యా!" అంది.

"అదే నేనూ చెబుతున్నా. పోయాను" అంది పెద్దమ్మ.

కోడలు తన ఫోను తెరిచి కిందికీ పైకీ తోసి చూసింది. ఒకచోట ఆగి, కళ్ళు నులుముకుని, ఇంకా దగ్గరగా పెట్టుకుని చూసింది. తరవాత ఫోను కొంగులో దోపుకుంది.

కొడుకు ఆరు కాకముందే వచ్చాడు. చేతిలో కొత్త మీటల ఫోను పెట్టె, మొహం మతాబులా వెలిగిపోతోంది. "ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నాను" అంది పెద్దమ్మ.

"నాకు తెలుసు, అందుకే వచ్చేటప్పుడే కొనుక్కొచ్చా. సరేగానీ, ఇవాళ ఆఫీసులో ఏం జరిగిందో వినండి! నిన్న అన్ని చీవాట్లు పెట్టిన పెద్ద సారు ఇవాళ నా బల్ల దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. 'నీ నిబ్బరం ఎవరికీ రాదయ్యా, ఇంటికెళ్ళు' అన్నాడు. అందరూ లేచి నిలబడ్డారు! ప్రమోషను ఖాయం."

"ఇవాళ గ్రూపు చూశారా?" అని అడిగింది కోడలు.

"చూసే తీరికెక్కడిది? ఎవరో పోయినట్టున్నారు, పూలూ పావురం కనిపించాయి. ఒక దండం పడేశాను."

కోడలు కొంగులోంచి ఫోను తీసి అతని ముక్కు ముందు పెట్టింది. ఆవలిస్తున్న అమ్మ. దాని కింద, అందరి దండాల మధ్య, కన్నకొడుకు జోడించిన చేతులు. వాటి పక్కనే "ఎవరో గానీ మహాతల్లి. ఆత్మకు శాంతి కలగాలి." అతను తన ఫోను తీసి చూసుకుంటే ఆఫీసు గ్రూపులోనూ అదే, అక్షరం పొల్లుపోలేదు.

"ధ్రువపత్రం చూశావురా?" అని అడిగింది పెద్దమ్మ.

కొడుకు మీటల ఫోను పెట్టెను మెల్లిగా బల్ల కిందికి తోశాడు. ఈలోగా గేటు దడేలుమంది. చెల్లెలు చెప్పులు చేత పట్టుకుని, జుట్టు విరబోసుకుని మెట్లెక్కి వచ్చింది. కుర్చీలో ఉన్న అక్కను చూసి నిలువునా ఆగిపోయింది. తరవాత వచ్చి, చెంపలు రెండూ తడిమి చూసి, వీపు మీద ఒక్కటి చరిచింది.

"బతికుండి ఫోనెత్తవుటే? గేదె అయినా పంపలేకపోయావా?"

"పంపకూడదన్నారే" అంటూనే పెద్దమ్మ ఏడ్చేసింది. చెల్లెలు కూడా ఏడ్చింది. ఆ ఏడుపుకి జాకెట్లామె మిషను ఆపి, కిటికీలోంచి చూసి, నిజమేనన్నమాట అనుకుని తనూ కళ్ళు తుడుచుకుంది.

రాత్రి భోజనాల దగ్గర కోడలు తీర్పు చెప్పింది. పందెం అత్తగారు ఓడిపోయారు, కాదనలేం. తెచ్చిన ఫోనూ వృథా పోకూడదు. కాబట్టి అది చూడకుండా దండాలు పెట్టేవాళ్ళకు ఇస్తున్నాం. కొడుకు మీటలు నొక్కి చూసుకున్నాడు. అంకెలు చక్కగా వచ్చాయి.

మర్నాడు పొద్దున మేనల్లుడు పదిసార్లు క్షమాపణ చెప్పి పెద్దమ్మను మళ్ళీ గ్రూపులో చేర్చాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, కాఫీ పక్కన పెట్టుకుని ఆ రోజు వార్త పంపింది. "వింత సంఘటన: తన సంతాపాలు తానే చదువుకున్న మహిళ." పక్కమంచం మీద దుప్పట్లోంచి చెల్లెలు నవ్వు బొమ్మ పెట్టింది. తోటికోడలు గిన్నె గురించి అడిగింది. అందరూ లేచారు, ఒక్కరు తప్ప. పెద్దమ్మ కాఫీ తాగకుండా కాచుకుని కూర్చుంది.

చివరికి తెర వెలిగింది. "నమ్మశక్యంగా లేదు వదినా. ఆధారమేది?"