పనసజిగురు

నర్సీపట్నంలో మామగారు తన కూతురు రాజులమ్మ పేర రాసిచ్చిన డాబా ఇల్లు నిక్షేపంలా ఉండగా, మన్మథరావుకి అడవి మీద మోజు పుట్టింది. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బంతా పోసి, కృష్ణదేవిపేట దారిలో వెలసిన ‘హరితవనం’ కాలనీలో మట్టిగోడల ఇల్లు కొన్నాడు. వద్దని మొత్తుకున్న భార్యని, “నీకు ప్రకృతి విలువ తెలీదే!” అని నోరు మూయించాడు. అది రెండువేల ఏడు, ఉగాది వెళ్ళిన వారం.

వానలు పడేసరికి ఆ విలువేదో ఆయనకే తెలిసొచ్చింది. ఎండతో వెలగాల్సిన దీపాలు ఎండ లేక వెలగలేదు. గోడల్లో చెదలు, కప్పులో జెర్రులు. మరుగుదొడ్డికి తలుపు బదులు తడక. దోమని కొట్టబోతే కాలనీ సెక్రటరీ పైడిబాబు గేటు దగ్గర బోర్డు చూపించాడు: ‘ఇచ్చట ఏ ప్రాణినీ హింసించరాదు, తరమరాదు.’ తనూ ఒక ప్రాణే కదా అని మన్మథరావు లోలోపల కుమిలిపోయాడు.

టౌనుకి పోదామన్న మాట నోటిదాకా వచ్చేది. కానీ ఆ మాట తనే అంటే రాజులమ్మ జన్మంతా దెప్పుతుంది. అందుకే ఆవిడ నోటితోనే అనిపించాలి.

“ఏటే, నీకిక్కడ భయం వెయ్యట్లేదా?”

“భయమేటండీ? నాను జీడితోటలో పుట్టినదాన్ని.”

“పాములుంటాయే!”

“ఉంటాయి. వాటి దారిన అవి పోతాయి.”

ఇక లాభం లేదని కోతుల సాయం కోరాడు. రాజులమ్మ నీళ్ళకెళ్ళిన సందు చూసి, మాగిన పనసపండు కోసి, తొనలు వంటింటి కిటికీలో పరిచాడు. కోతులొస్తాయి, ఆవిడ కెవ్వుమంటుంది, పెట్టె సర్దుతుంది. అదీ పథకం.

కోతులొచ్చాయి. పిల్లాజెల్లాతో పెళ్ళివారిలా దిగాయి. తొనలయ్యాక బెల్లం, బెల్లమయ్యాక ఆయన కళ్ళజోడు పోయాయి. ఒక గండు కోతి పనసవాసన పట్టి ఆయన మీదికే వచ్చింది. మన్మథరావు మరుగుదొడ్డిలోకి దూరి, తడకని రెండు చేతులా బిగబట్టుకుని దేవుళ్ళందర్నీ తలచుకున్నాడు.

నీళ్ళబిందెతో వచ్చిన రాజులమ్మ కెవ్వుమనలేదు. మిగిలిన పనసచెక్కలు తీసుకెళ్ళి దూరంగా చెట్ల కింద పడేసింది. కోతులన్నీ అటే పోయాయి. ఎవరినీ తరిమింది లేదు.

“ఎలిపోనాయి, బేగి రండి!”

“రాలేనే. చేతులు తడకకి అంటుకుపోయాయి!”

రాజులమ్మ ఆ చేతులకేసి, ఆ జిగురుకేసి చూసింది. అంతా అర్థమైపోయింది. లోపలికెళ్ళి నూనెగిన్నె తెచ్చింది.

“పనస కోసీముందు సేతులకి నూనె రాసుకోవాలని పసిపిల్లకైనా తెల్సు. ఎందుకండీ ఇదంతా?”

“నువ్వు భయపడి, ఇంటికి పోదాం అంటావనీ...”

రాజులమ్మ నూనె రాస్తున్నదల్లా ఆగింది.

“మూణ్ణెల్ల బట్టి పెట్టె సర్దుకునే కూకున్నాను. తప్పయిపోనాది, పోదాం పదవే అని మీరొక్క మాట అంటారేమోనని! మీకు నిజంగానే నచ్చీసిందనుకుని, ఇయ్యాల పొద్దున్నే ఫోను సేసి టౌనిల్లు మా తమ్ముడు లోవరాజుకి ఇచ్చీసినాను. సామాను దింపీసినాడు. రెండేళ్ళుంటాడు.”

మన్మథరావుకి నిజంగానే ఏడుపొచ్చింది. “తప్పయిపోయిందే రాజులమ్మా!”

“ఈ ముక్క నిన్ననే అనుంటే సరిపోను,” అని ఆవిడ నిట్టూర్చి, మొదటి చెయ్యి తడక నుంచి ఊడదీసింది. “రెండో సెయ్యి కదపకండి.”