ఏడు ముళ్ల పాండిత్యం

ఆ ఆదివారం ఉదయం పద్మనాభంగారి కార్యక్రమం చాలా చిన్నది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్లాలి, అడవి బాటలో ఏడు చెట్ల పేర్లు చెప్పాలి, అటవీశాఖవారి గౌరవ గైడ్‌గా ఇంటికి తిరిగి రావాలి. ముప్పయ్యేళ్లు కామర్స్ పాఠాలు చెప్పి రిటైరైన ఆయనకు తులసి, కరివేపాకు తప్ప మరో మొక్క తెలియదు. వాకింగ్ మిత్రులు మాత్రం ఆయన్ని వృక్షశాస్త్రవేత్త అంటారు. పాపం, ఆయన ఎప్పుడూ కాదనలేదు. ఇప్పుడా పదవి రాకపోతే పార్కులో తలెత్తుకోలేరు.

భార్య గోదాకూ ఆ పదవి మీద గంపెడాశ. రిటైరైన మర్నాటి నుంచి ఆయన వంటింట్లో స్టూలు వేసుకుని, పోపులో ఎన్ని ఆవాలు వేయాలో చెబుతున్నారు. వారానికి ఒక్క పూటైనా ఈ మనిషి గడప దాటితే చాలునని ఆమె మొక్కని దేవుడు లేడు.

శనివారం ఆయన రహస్యంగా బాటకు వెళ్లి, అక్కడ మేకలు కాసే దానమ్మను బతిమాలి పేర్లు చెప్పించుకున్నారు. చెట్లకు చీటీలు అంటిస్తే పరీక్ష పెట్టే అటవీ రేంజరు చదివేస్తాడు కదా! అందుకని పూజగదిలోని పసుపు దారం తీసుకెళ్లి చెట్టుకొకటి కట్టారు. రేలకు ఒక ముడి, తునికికి రెండు, నల్లమద్దికి మూడు, అలా ఏడు వరకు. జాబితా జేబులో పెట్టుకుని, తన తెలివికి తానే మురిసిపోయి, హాయిగా నిద్రపోయారు.

ఆదివారం రేంజరుతో, మిత్రులతో, గోదాతో బాట మలుపు తిరుగుతూనే ఆయన ఠక్కున ఆగిపోయారు. నిన్న ఏడు దారాలున్న చోట ఇప్పుడు ఏడొందలున్నాయి. కోయిలకుంట్ల నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఇంకొకటి కడుతూ సంగతి చెప్పింది.

"నిన్న దర్శనానికొచ్చిన మా ఊరోళ్లు సూసినారప్పా. అడివిలో పసుపు దారం ఊరికే ఉంటాదా? ఏదన్నా కోరుకోని కట్టల్లంట, కోరిక తీరినాక వచ్చి ముడి ఇప్పల్లంట."

ఆ మాట వినగానే గోదా ఆమె దగ్గర ఒక దారం అడిగి తీసుకుని, కళ్లు మూసుకుని, మొదటి చెట్టు కొమ్మకు కట్టేసింది. భర్త ఉరిమి చూసినా లెక్కచేయలేదు.

రేంజరు ఆ చెట్టు పేరడిగాడు. పద్మనాభంగారు చేతికందిన దారం తడిమారు. ఒక ముడి. రేల అన్నారు. అదృష్టం బాగుండి అది రేలే. రెండో చెట్టు దారానికీ ఒక్కటే ముడి. ఇదీ రేలే అన్నారు. మూడో చెట్టుకు పదకొండు ముళ్లు. జాబితాలో అంత లెక్క లేదు. బాగా ముదిరిన రేల అని తేల్చారు. రేంజరు రాయడం ఆపేశాడు.

వెనక మేకలతో నిలబడ్డ దానమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"సారూ, ఆకు సూడకుండా ముళ్లు లెక్కేస్తాండావేందీ? రెండోది తునికని చెప్తి గదా. గుర్తుకని నువ్వే గదా నిన్న దారం కట్టింది."

రేంజరు కోప్పడలేదు, పాపం మర్యాదస్తుడు. దానమ్మ చేత ఏడు చెట్ల పేర్లూ, వాటి పూతా కాతా చెప్పించుకుని, ఆమెనే గైడ్‌గా రాసుకున్నాడు. అడవి చెట్లకు దారాలు కట్టే ఆచారం మొదలుపెట్టిన పెద్దమనిషి మీద కేసైనా పెడతానన్నాడు, లేదా ఆయనే ప్రతి ఆదివారం వచ్చి అన్నీ విప్పాలన్నాడు. పద్మనాభంగారు రెండోదే మేలనుకున్నారు. భక్తులు వస్తూనే ఉన్నారు కనుక ఆ పని ఇప్పట్లో తెమిలేది కాదు.

ఆయన తల వంచుకుని రేలచెట్టు దగ్గరకు వెళ్లి ఒక దారం మీద చెయ్యి వేశారు. గోదా అడ్డుపడింది.

"అది కాదు, పై కొమ్మకుండేది ముందు ఇప్పండి. నాది. కోరిక తీరింది."